మూర్ఛవైద్యులు తయారైన విధము

మూర్ఛ వచ్చి పడిపోయినవాని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన ఇండ్లలో చాలమంది ఎరిగినదే. కాకిసోమాల అనీ, ఈడ్పులనీ, ఫిట్సు అనీ వ్యాధికి పేర్లు మారినవి గాని తాళంచెవులు మాత్రం మారలేదు. ఈ నమ్మకం ఇంతకాలం నిలవడానికి కారణం లేకపోలేదు. మూర్ఛ సాధారణంగా రెండు మూడు నిమిషాలలో తనంతట తానే ఆగిపోతుంది. కీర్తి మాత్రం ఇనుముకు దక్కుతుంది. చరకసంహిత ఈ వ్యాధిని అపస్మారమని పేర్కొన్నది. నటరాజు పాదం క్రింద అణగి ఉన్న మరుగుజ్జు పేరు కూడ అపస్మారుడే. ఇది దేవతల ఆవేశం కాదు, మెదడులో పుట్టే జబ్బు అని హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రీకు గ్రంథం క్రీస్తుకు సుమారు 400 ఏండ్ల పూర్వమే వాదించింది.

మెదడులోనే అని ఒప్పుకున్న తరువాత మరొక ప్రశ్న పుట్టింది. మెదడులో ఎక్కడ? 1873లో లండను వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సను, మెదడు ధూసర పదార్థంలో ఒకచోట హఠాత్తుగా, మితిమీరి జరిగే విసర్జనమే మూర్ఛ అని నిర్వచించినాడు. 1886లో అదే నగరంలో విక్టర్ హార్స్‌లీ, మూర్ఛకు మూలమైన భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగించి చూపినాడు. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ మందులుగా వచ్చినవి. 1924లో జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తును మొదటిసారి గీతలుగా పట్టి, 1929లో లోకానికి వెల్లడించినాడు. దానినే మనమిప్పుడు ఇ.ఇ.జి. అంటున్నాము.

అయితే మందు తెలిసినవానికి గీతలు తెలియవు. గీతలు చదివేవానికి కత్తి తెలియదు. ఈ విద్యలన్నింటిని ఒక్క కప్పు క్రిందికి తెచ్చినవారిలో ముఖ్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డు. 1928లో ఆయన తానే శిష్యుడై, బ్రెస్లావు నగరంలో ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టరు వద్ద ఆరుమాసాలు పని నేర్చుకున్నారు. ఆ ఏడాది చివరనే సొంత అక్కగారి మెదడులోని కంతికి ఆయనే శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఆమెకు మూర్ఛలు వచ్చేవి. కంతిని పూర్తిగా తీయలేకపోయినారు. మూడేండ్లు తిరగకముందే ఆమె మరణించినది. ఆ దుఃఖమే ఒక సంస్థను నెలకొల్పవలెనన్న ఆయన పట్టుదలను పెంచింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ధనసహాయంతో 1934లో కెనడాలోని మాంట్రియల్‌లో నాడీవైద్య సంస్థ తెరువబడింది. కొన్నేండ్లకు ఇ.ఇ.జి. నిపుణుడు హెర్బర్ట్ జాస్పర్ వచ్చి చేరినారు.

అక్కడ రోగిని మత్తులో ముంచకుండ, మెలకువగా ఉంచియే మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి పరీక్షించేవారు. ఒకచోట తాకితే చేయి కదిలేది. మరొకచోట తాకితే మాట ఆగేది. ఏ భాగాన్ని తీయవచ్చునో, దేనిని ముట్టరాదో రోగియే చెప్పేవాడన్నమాట. దేశదేశాల నుండి ఫెలోలు, అనగా పైచదువుకు వచ్చిన వైద్యులు, అక్కడ చేరినారు. జపానునుండి వచ్చిన జూన్ వాడా, మెదడులో ఒక అర్ధభాగాన్ని కొద్దిసేపు నిద్రపుచ్చి, మాట ఏ పక్కన ఉన్నదో కనుగొనే పద్ధతిని వెంటతెచ్చినారు. శిష్యుడు గురువుకు నేర్పడం కూడ అక్కడ జరిగింది.

ఈ శిక్షణ ఎందుకింత అవసరమో తెలిపే సంఘటన మాంట్రియల్‌లో కాదు, అమెరికాలోని హార్ట్‌ఫర్డులో జరిగింది. 1953లో విలియం స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు, మందులకు లొంగని మూర్ఛలున్న 27 ఏండ్ల యువకునికి మెదడు రెండు ప్రక్కల కణతల లోపలి భాగాలు తీసివేసినాడు. మూర్ఛలు తగ్గినవి. కాని ఆ యువకుడు కొత్త జ్ఞాపకాన్ని నిలుపుకొనే శక్తిని పోగొట్టుకున్నాడు. ఎదుట మాట్లాడిన మనిషి బయటికి వెళ్ళి తిరిగివస్తే, అతనికి మళ్ళీ కొత్తవాడే. 2008లో మరణించేవరకు అతని బ్రతుకంతా అట్లే గడిచింది. పెన్‌ఫీల్డు వద్ద పనిచేసే బ్రెండా మిల్నరు అతనిని ఏండ్ల తరబడి పరీక్షించి, జ్ఞాపకశక్తికి ఆ భాగమే ఆధారమని తేల్చినారు. విజ్ఞానానికి అది గొప్ప లాభమే. ఆ యువకునికి మాత్రం కాదు.

మన దేశానికి ఈ విద్య వేలూరు ద్వారా వచ్చింది. కొట్టాయంలో పుట్టిన జేకబ్ చాందీ, పెన్‌ఫీల్డు వద్ద శిక్షణ పొంది 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నాడీ శస్త్రచికిత్సా విభాగం ప్రారంభించినారు. మన చిత్తూరుకు కూతవేటు దూరాన ఉన్న ఆ ఊరికి తెలుగు రోగులు ఎందరు వెళ్ళినారో చెప్పనక్కరలేదు. 1951లో చాందీ, బలదేవ్ సింగ్, రామమూర్తి, నరసింహన్ అను నలుగురు కలిసి మద్రాసులో భారత నాడీవైద్య సంఘాన్ని స్థాపించినారు. మరుసటి ఏడాదియే వేలూరులో మూర్ఛకు శస్త్రచికిత్స జరిగింది.

ఇంత చక్కగా మొదలైన పని తరువాత చాలకాలం మందగించినది. ఒక్కని నేర్పు ఒక్కనితోనే ఆగిపోతే అంతే గదా. 1995లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో కురుపత్ రాధాకృష్ణన్ ప్రభృతులు మూర్ఛ శస్త్రచికిత్సను ఒక పద్ధతిగా ఆరంభించినారు. నాడీవైద్యంలో పట్టా పొందినవారికి ప్రత్యేకంగా మూర్ఛలో ఫెలోషిప్ శిక్షణ కూడ అక్కడ ఏర్పడినది. అమెరికాలో 2013 నుండి దీనికి వేరుగా పరీక్షయే ఉన్నది.

ఆ ఫెలో నేర్చుకునేది కత్తి పట్టడం కాదు. రోగి మంచాన్ని కెమెరా చూస్తుండగా, ప్రక్కన ఇ.ఇ.జి. గీతలు నడుస్తుండగా, మూర్ఛ ఎక్కడ మొదలై ఎటు ప్రాకినదో గంటలకొద్ది కూర్చుండి గుర్తించడం. ముగ్గురు రోగులలో సుమారు ఒకరికి మందులు చాలవు. వారిలో ఎవరికి శస్త్రచికిత్స మేలు చేస్తుందో, ఎవరికి చేయరాదో తేల్చడం. అన్నింటికంటె ముందుగా, వచ్చినది మూర్ఛయేనా అని అడగడం. గుండెజబ్బు వల్ల స్పృహ తప్పినవారికి, మనోవేదన వల్ల కొట్టుకొనేవారికి ఏండ్ల తరబడి మూర్ఛమందులు మింగించిన సందర్భాలు కలవు. ఆ పేరు ఊరకే పోయేది కాదు. హిందూ వివాహ చట్టంలో ఉన్మాదం సరసన ఉన్న మూర్ఛ అను మాటను 1999లో గాని తొలగించలేదు. అంతవరకు వైద్యుని నోట తొందరపడి వచ్చిన ఒక్కమాటకు పెండ్లి చెడే భయముండేది.

ఇన్ని యంత్రాలున్నను, ఫెలో మొదట అడిగేది రోగిని కాదు, చూచినవారిని. రోగికి తన మూర్ఛ జ్ఞాపకముండదు చాలమారులు. అందుచేత తల్లి గాని భార్య గాని చెప్పవలె: మొదట ఏ చేయి కదిలినది, కన్నులు ఎటు తిరిగినవి, గడియారంలో ఎన్ని నిమిషాలు గడిచినవి. తాళంచెవులకై వెదికే సమయంలో ఈ మూడు చూచిపెట్టుకొని, నోటిలో ఏమియు కుక్కక, మనిషిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టవచ్చును. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి బయలుదేరవలె.