ఇంటావిడకి లేని డాక్టరు

పిల్లాడికి కాస్త ఒళ్లు వెచ్చబడితే వెంటనే ఆటో పిలుస్తాం. మన నడుం నొప్పికి మాత్రం వేణ్ణీళ్ల కాపడంతో సరిపెట్టేస్తాం. ఇది మన దేశపు ఆడవాళ్ల అలవాటే కాదండోయ్. బ్రిటన్‌లోనూ ఇదే కథ.

అక్కడ 1911లో ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. జీతంలోంచి వారం వారం కొంత పట్టుకుంటారు, జబ్బు చేస్తే డాక్టరు ఫీజు అడగడు. బాగుంది కదా! కానీ అది జీతం తెచ్చేవాళ్లకే. ఇంట్లో వండి, ఉతికి, పిల్లల్ని పెంచే భార్యకి కాన్పప్పుడు కొంత సొమ్ము తప్ప ఇంకేమీ లేదు. పిల్లలకీ లేదు. బొగ్గు గనిలో పనిచేసే ఆయనకి దగ్గొస్తే డాక్టరు ఉన్నాడు. ఆవిడకి దగ్గొస్తే ఫీజు డబ్బులు ఇంటిఖర్చులోంచే తియ్యాలి. తీస్తుందా?

1939లో మార్జరీ స్ప్రింగ్ రైస్ అనే ఆవిడ 1250 మంది శ్రామిక గృహిణుల సంగతులతో ఒక పుస్తకం వేసింది. రక్తం తక్కువ, తలనొప్పి, కీళ్లనొప్పులు, పుచ్చిన పళ్లు, కాన్పుల తర్వాత మిగిలిపోయిన బాధలు... చాలామంది వాటికి వైద్యమే చేయించుకోలేదు. ఆ జాబితా చదువుతుంటే మా అమ్మమ్మ, మేనత్తలు వరసగా కళ్లముందు నిలబడ్డారు.

1948 జూలై 5న, ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవాన్ హయాంలో, ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. బీమా కట్టినా కట్టకపోయినా ఇంటిల్లిపాదికీ డాక్టరు, ఉచితంగా. అప్పుడు బయటికొచ్చారు ఆడవాళ్లు. గర్భసంచి జారిపోయి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటూ పనులు చేసుకున్నవాళ్లు! అన్నాళ్లూ వాళ్లకి జబ్బు లేదనే లెక్క. అడిగినవాళ్లు లేరు మరి.

తర్వాత వేల్స్ గని ఊళ్లలో డాక్టర్లు దొరక్కపోతే మన దేశం నుంచి వెళ్లినవాళ్లే చాలాచోట్ల ఆ కుర్చీల్లో కూర్చున్నారు.

ఫీజు పోతే సరిపోతుందా అంటే, నాకైతే సగమే అనిపిస్తుంది. రెండో సగం వినే తీరిక. 67 దేశాల లెక్కలు కూడగట్టి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. డాక్టరు ఒక్కో రోగితో గడిపే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైన. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మనం కూడా రెండు నిమిషాల దగ్గరే ఉన్నాం.

జారిన గర్భసంచి గురించి చెప్పాలంటే ముందు తలుపు వేసి ఉందో లేదో చూసుకోవాలి. కాంపౌండరు బయటికెళ్లేదాకా ఆగాలి. గొంతు సవరించుకుని "అదేనండీ..." అనేలోపే చీటీ చేతికొచ్చేస్తుంది.