బోరు కాడ సోలార్ ప్లేట్ల కథ

మా బోరు కాడ సోలార్ ప్లేట్లు తుడుస్తుంటే పక్క చేను తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇది ఎవరు కనిపెట్టారు?" అని. నేను చదివినంత వరకు చెబుతా.

1940లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ అనే ఆయన చేతికి పగులున్న సిలికాన్ ముక్క ఒకటి వచ్చింది. దాని మీద వెలుతురు పడితే కరెంటు పుట్టింది! పగులుకి ఒక పక్క ఒక రకం మలినం, రెండో పక్క ఇంకో రకం ఉండటమే కారణం. ఇప్పటి కంప్యూటర్ చిప్పులకీ ఆ అతుకే ఆధారం.

తర్వాత అదే ల్యాబులో చాపిన్‌కి ఒక పని అప్పజెప్పారు. తేమ ఎక్కువున్న చోట్ల టెలిఫోన్ బ్యాటరీలు పాడైపోతున్నాయి, వేరే దారి చూడమని. సెలీనియంతో చూస్తే ఎండలో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మారలేదు. ఫుల్లర్, పియర్సన్ తోడయ్యారు. సిలికాన్ పైపొరలోకి బోరాన్‌ని కొద్దిగా ఇంకించారు. 1954లో 6 శాతం వచ్చింది.

1955లో బయట మొదట బిగించింది ఎక్కడనుకున్నారు? జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే ఊరి దగ్గర, పల్లె టెలిఫోన్ లైనుకి. పనైతే చేసింది, ఖరీదే గిట్టుబాటు కాలేదు. మన పంట సంగతే! 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహానికి పెట్టారు. మామూలు బ్యాటరీ కొన్ని వారాలకే చచ్చింది, ఇవి 1964 దాకా నడిచాయి. ఆకాశంలో ధర అడిగేవాడు లేడు గదా.