ఉలిగీత దాకా

పెన్‌పహాడ్ నుంచి సూర్యాపేట దాకా వస్తే, పట్టణం పక్కనే పిల్లలమర్రి. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఎరకసాని, రేచెర్ల బేతిరెడ్డి భార్య. మనం వెళ్తాం, గుడంతా ఫ్రేములో పట్టేలా ఒక ఫొటో తీసుకుని వచ్చేస్తాం. ఉలి పట్టిన మనిషి ఆ ఫొటోలో ఉండడు.

ఫోనుకు తగిలించుకునే చవక మాక్రో లెన్సు అతని దగ్గరికి తీసుకెళ్తుంది. సూత్రం పాతదే. 1670లలో డచ్ బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ ఒక్క చిన్న గాజు కటకంతోనే నీటిబొట్టులో సూక్ష్మజీవుల్ని చూశాడు.

నల్లరాతి స్తంభానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఫోను పట్టుకుని, టార్చి పక్కనుంచి వెయ్యండి. ఎదురు వెలుగులో కనపడని గీత నీడతో పైకి లేస్తుంది. నునుపు ఎక్కడ ఆగిందో, అక్షరం అంచు ఎంత అరిగిందో తెలుస్తుంది.

అలాగని దీంతో శాసనం చదవలేం. అక్షరంలో ఒక ముక్కే కనిపిస్తుంది. అందుకే దూరం నుంచి మొత్తం ఫొటో ఒకటి, పక్కన స్కేలు ఉన్నది ఇంకొకటి కావాలి. అక్షరాలు తేలాలని సుద్దపొడి మాత్రం రుద్దొద్దు.

ఏటా అదే చోట తీసిన ఫొటోలే రాయి అరుగుదలకు సాక్ష్యం. కట్టించినవాళ్ల పేర్లు నిలిచాయి. చెక్కినవాళ్లకి మిగిలింది ఆ గీతలే, అవీ అరిగిపోతున్నాయి.