ఏఓసీ3 జన్యువు

ఏఓసీ3 మానవుల 17వ క్రోమోజోము పొడవు భుజంపై ఉన్న జన్యువు. రక్తనాళ సంశ్లేషక ప్రోటీన్-1 (వ్యాప్-1) అనే ఎంజైము తయారీకి సమాచారం దీనిలోనే ఉంటుంది. ఈ ప్రోటీనును 1990ల తొలినాళ్లలో ఫిన్లాండ్‌లోని టుర్కు నగరంలో సిర్పా యల్కానెన్, మార్కో సల్మీ గుర్తించారు.

నిర్మాణం: వ్యాప్-1లో 763 అమైనో ఆమ్లాలుంటాయి. రెండు ప్రతులు జతకట్టి పనిచేస్తాయి. ప్రోటీను ఒక కొస కణత్వచంలో నాటుకొని ఉండగా, ఎక్కువ భాగం కణం వెలుపలే ఉంటుంది. రాగి అయాను సాయంతో 471వ స్థానంలోని టైరోసిన్ టోపాక్వినోన్‌గా మారితేనే ఎంజైముకు చురుకుదనం వస్తుంది.

పనితీరు: ఇది ప్రాథమిక అమైన్లను ఆక్సీకరించి ఆల్డిహైడ్, అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లను విడుదల చేస్తుంది. రక్తనాళాల లోపొర కణాలతో పాటు నునుపు కండరాల్లోనూ, కొవ్వు కణాల్లోనూ కనిపిస్తుంది. మామూలు వేళల్లో లోపొర కణాల లోపలి సంచుల్లో నిల్వ ఉండి, వాపు మొదలవగానే ఉపరితలానికి చేరుతుంది. అక్కడ తెల్లరక్తకణాలు నాళపు గోడను పట్టుకొని, దాన్ని దాటి కణజాలంలోకి వెళ్లడానికి తోడ్పడుతుంది. తెల్లకణాలపై ఉండే సిగ్లెక్-9, సిగ్లెక్-10 ప్రోటీన్లు దీనికి అతుక్కుంటాయి. ఒకే అణువు రసాయన చర్యనూ, కణాల అతుకునూ నడిపించడం దీని విశిష్టత.

వైద్య ప్రాధాన్యం: కణత్వచం నుంచి తెగిన వ్యాప్-1 రక్తంలో తిరుగుతుంది. మధుమేహంలోనూ, కొన్ని దీర్ఘకాలిక కాలేయ వ్యాధుల్లోనూ దాని స్థాయి పెరుగుతుంది. అందుకే వాపును తగ్గించే మందుల పరిశోధనలో ఈ ఎంజైమును అడ్డుకునే పదార్థాలను పరీక్షిస్తున్నారు.