మిగులు ముక్కలకూ ఒక చరిత్ర ఉంది

మన సంఘాల సంచికల్లో నేత చరిత్ర అనగానే మగ్గం, చీర, వలస, గుడి, సత్రం. ఇవన్నీ రాయాల్సినవే. కానీ మిగిలిన గుడ్డ ముక్క ఏమైందో, దాన్ని ఎవరు చేతిలోకి తీసుకున్నారో మనవాళ్ళు పెద్దగా రాయలేదు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళది, కూలి లెక్కలోకి రానిది. అందుకే కాబోలు.

మగ్గం ఉన్న ఇంట్లో దారం పారేసేవాళ్ళు కాదు. పడుగు అయిపోవచ్చినప్పుడు అచ్చులో ఉన్న కొసలకే కొత్త పడుగు పోగు పోగూ అతికేవారు. చిరిగిన చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టేవారు. 1870ల్లో సోలాపూరులో నూలు మిల్లు వచ్చాక తెలంగాణ పల్లెల నుంచి అక్కడికి చేరిన మన పద్మశాలి కుటుంబాలు, తర్వాత చద్దర్లకూ టవళ్ళకూ పేరు తెచ్చారు. అక్కడ బొంతను పొరుగు మరాఠీవాళ్ళు గోధడి అంటారు. పేరు మారినా కుట్టు అదే.

బనియన్ గుడ్డ సంగతి వేరు. ఇది నేత కాదు, అల్లిక. మన గుడ్డలో పడుగు నిలువుగా, పేక అడ్డంగా పోతాయి. ఇందులో ఒకే దారం ఉచ్చులో ఉచ్చుగా వెళ్తుంది. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరకొస్తుంది. ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లో మేజోళ్ళు అల్లే యంత్రం కట్టాడు. మన దేశంలో ఈ పరిశ్రమ 1890ల్లో కలకత్తాలో మొదలైంది. తిరుప్పూరుకు 1920ల్లో వచ్చింది. (బనియన్ అన్న మాట గుజరాతీ వ్యాపారి 'వాణియా' నుంచి పుట్టింది. గుడ్డ ఒక దారిన వచ్చింది, పేరు ఇంకో దారిన.)

తిరుప్పూరు, కోయంబత్తూరు, సేలం చుట్టుపక్కల తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మగ్గం కూలి చాలక అది వదిలినవాళ్ళలో కొందరు బనియన్ కంపెనీల్లో చేరారు. 1970ల చివర విదేశీ ఆర్డర్లు మొదలయ్యాక ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ మిషన్ల మీద మన అక్కచెల్లెళ్ళూ కూర్చున్నారు. మన మగ్గాన్ని దెబ్బతీసిన వాటిలో చవక బనియన్ ఒకటి. మన ఇళ్ళలో పొయ్యి వెలిగించినదీ అదే. ఈ రెండూ కలిపి చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది.

కంపెనీలో పొరలు పేర్చి కోసినప్పుడు నూటికి పది పదిహేను వంతులు ముక్కలుగా పోవడం మామూలే. ఆ ముక్క ఊరికే రాలేదు. దాని రంగు నీళ్ళు నొయ్యల్ నదిలోకి పోయి, ఒరత్తుపాళయం డ్యాం కింద రైతుల పొలాలు పాడయ్యాయి. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. వేలమందికి పని పోయింది. కాబట్టి ఆ ముక్కను 'వేస్టు' అనడం నాకు నచ్చదు.

ముక్కలు తెచ్చుకున్న ఆడవాళ్ళు ఇంట్లో పిల్లలకు టాపులు కుట్టేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ముందు ముక్కల్ని ఉతికి ఆరేయాలి, కొత్త నూలు అల్లిక కుంచించుకుపోతుంది. తర్వాత లాగి చూడాలి. ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. తిరగేస్తే టాపు తల పట్టదు, పైగా కిందికి వేలాడుతుంది. ఏ వైపు ఏదో తెలియకపోతే అంచు చూడండి. పలచటి అల్లికలో నిలువు అంచులు వెనక్కి చుట్టుకుంటాయి, అడ్డం అంచులు ముందుకు.

కొలతలకు టేపు కూడా అక్కర్లేదు. సరిపోయే పాత టీషర్టును నిలువుగా మడిచి ముక్క మీద పెట్టి, చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కోయాలి. ముక్క చాలకపోతే ముందు ఒక రంగు, వెనక ఒక రంగు, భుజం దగ్గర మూడోది. అతుకు దాచాలని చూడకుండా కనబడేలా వేస్తే అదే డిజైను.

మామూలు సూది అల్లికలో దారాన్ని తెంపి చిల్లి పెడుతుంది. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది వేయాలి. జిగ్‌జాగ్ ఉంటే మంచిది. లేకపోతే పాత నల్ల మిషన్ మీదే పాలిస్టర్ దారంతో, కుట్టు చిన్నది పెట్టి, గుడ్డను కొంచెం సాగదీస్తూ కుట్టాలి. అలా చేయకపోతే వేసుకునేటప్పుడు కుట్టు పుటుక్కున తెగుతుంది.

ముందు భుజాలు. అవి సాగిపోకుండా లోపల సన్నటి నేత నాడా పెట్టి కుట్టేయాలి. తర్వాత మెడపట్టీ, అసలు నేర్పు ఇక్కడే. పట్టీ మెడ చుట్టుకొలత కంటే పొట్టిగా ఉండాలి. మెడ 50 సెంటీమీటర్లయితే పట్టీ 42, 43 చాలు. దాన్ని మెడ చుట్టూ సమంగా సాగదీస్తూ కుడితే మెడకు అతుక్కుని కూర్చుంటుంది. సమానంగా కోస్తే అలలు అలలుగా లేస్తుంది. తర్వాత చేతులు పరిచి కుట్టి, చేతి కొస నుంచి నడుము దాకా పక్కలు ఒకే ఊపులో వేసేయడమే.

ఇవి పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్ళు మన ఇళ్ళలో తక్కువ. చేతి నుంచి చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ ముక్కలు చాలావరకు రంగుల వారీగా విడదీసి మళ్ళీ దారంగా వడికే మిల్లులకు పోతున్నాయి. ఇళ్ళకు వచ్చేవి తగ్గాయి, కుట్టేవాళ్ళూ తగ్గారు.

సోలాపూరు, భివండి, తిరుప్పూరు, సేలం, బెంగళూరు సంఘాల్లో మగ్గాల ఫోటోలు పోగేస్తున్నారు, సంతోషం. వాటితోపాటు మీ ఇంటి బొంతనో, ముక్కలతో కుట్టిన చొక్కానో ఒకటి ఫోటో తీసి, కుట్టినావిడ పేరు, ఊరు, ఏ కంపెనీ పని చేసిందో కింద రాసి పంపండి. పేరు లేకుండా మాత్రం పంపవద్దు.