అరబీ పాటకు డాన్స్: ఏ రికార్డింగ్ పనికొస్తుంది?

ఈజిప్టు గాయని ఉమ్మె కుల్సూమ్ 1964లో పాడిన 'ఇంత ఉమ్రీ' డాన్సర్లకు బాగా ఇష్టమైన పాట. ముహమ్మద్ అబ్దుల్ వహాబ్ బాణీ కట్టారు. ఆమె గొంతు విప్పకముందే చాలాసేపు వాద్యాలు మోగుతాయి, చాలామంది ఆ భాగానికే నర్తిస్తారు.

ఆమె కచేరీల్లో జనం అడిగిన కొద్దీ ఒకే పాదాన్ని తిప్పి తిప్పి, ప్రతిసారీ కొత్తగా పాడేది. వినడానికి అదే మజా, స్టెప్పులు నేర్చుకునేవాళ్లకు అదే చిక్కు. ప్రాక్టీసుకు లయ నిలకడగా ఉన్న స్టూడియో రికార్డింగే మేలు. అందులో దర్బుకా దెబ్బలు, దుమ్ వేరుగా తక్ వేరుగా, స్పష్టంగా వినబడాలి. ఈజిప్టులో ఈ వాద్యాన్ని తబ్లా అంటారు, మన తబలా కాదు.

మామూలు కీబోర్డుతో చేసిన చవక కాపీలు వద్దు. ట్యూనింగ్ మార్చకపోతే దానిమీద పావు స్వరాలు పలకవు. బయాతీ, రాస్త్ మఖామ్‌లకు ప్రాణం అవే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది పాటలోని మాటలు. అరబీ చదవడం వచ్చినంత మాత్రాన అర్థం తెలియదు కదా! ఉమ్మె కుల్సూమ్ పాడిన 'అల్ ఖల్బ్ యాషఖ్ కుల్ల గమీల్' మొదట్లో ప్రేమ పాటలాగే ఉంటుంది. తీరా చూస్తే అది హజ్ యాత్ర పాట. అరబ్బుల ముందు దానికి డాన్స్ చేస్తే ఎంత బాధ కలుగుతుందో చెప్పక్కర్లేదు. అర్థం తెలిసినవాళ్లను అడిగాకే పాట ఖాయం చేసుకోవాలి.