మిల్లు, మడి, మహమ్మారి

అంటువ్యాధి నగరాన్ని చుట్టుముట్టినప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడి ముందు రెండు ప్రశ్నలు నిలుస్తాయి. పనికి వెళితే జబ్బు అంటుకుంటుందేమో? వెళ్లకపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? రెండో ప్రశ్నకు చరిత్రలో తరచుగా దొరికిన జవాబు నేల. ఇంటి వెనుక పెరడో, సొంత ఊళ్లో కాస్త పొలమో ఉన్నవాడు కొన్నాళ్లు తట్టుకోగలడు. మరి నేల ప్రతిసారీ ఆదుకుందా? బొంబాయి (నేటి ముంబయి) నూలు మిల్లుల చరిత్ర ఈ విషయంలో మనకు ఎంతో నేర్పుతుంది.

ఊరే పెరడు

1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు దగ్గరగా ఉన్న మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించాడు. 1891 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 8 లక్షల 20 వేలు. 1897 ఫిబ్రవరి నాటికి దాదాపు సగం మంది నగరం విడిచిపోయారని అంచనా. మిల్లు కార్మికులలో ఎక్కువమంది రత్నగిరి, సతారా వంటి జిల్లాల నుంచి వచ్చినవారు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన తెలుగు నేత కార్మికులు కూడా బొంబాయి మిల్లులలో పనిచేశారు. వీరిలో చాలామంది ఊరితో సంబంధం తెంచుకోలేదు. చాళ్లలోని ఒంటి గదుల్లో వారికి పెరడు లేదు; ఊళ్లోని పొలమే వారి పెరడు.

కార్మికులు వెళ్లిపోవడంతో మిల్లులు కుంటుపడ్డాయి. ఉన్న కొద్దిమంది కోసం యజమానులు పోటీ పడ్డారు. నెల జీతాన్ని కూడా ఆలస్యంగా ఇచ్చే అలవాటున్నవారు ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామన్నారు. వీధి మలుపుల వద్ద కూలి రేటు వేలం పాటలా పెరిగింది. వెళ్లడానికి మరో చోటు ఉన్న కార్మికుడి బేరానికి ఎంత బలం ఉంటుందో అప్పుడు తెలిసివచ్చింది.

ఊరికి పోవడం వల్ల ప్రాణాలు దక్కాయా? చాలావరకు దక్కాయనే చెప్పాలి. దీనికి కారణం ప్లేగు వ్యాపించే తీరులో ఉంది. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొన్నాడు. ఎలుకల ఒంటిమీద బతుకుతూ రక్తం పీల్చే చిన్న పురుగు దాన్ని మోసుకువస్తుందని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ తేల్చాడు. అంటే ఎలుకలు చస్తున్న ఇంటిని వదిలిపెడితే ప్రమాదం తగ్గుతుంది. అయితే ధాన్యపు బస్తాలతో, బట్టల మూటలతో ఆ పురుగులు కూడా ప్రయాణం చేశాయి. ప్లేగు ఊళ్లకు పాకింది కూడా అలాగే.

ఊపిరితో ప్రయాణించిన జబ్బు

ఇరవై రెండేళ్లు గడిచాయి. 1918 జూన్ 10న బొంబాయిలో పోలీసు సిపాయిలు ఏడుగురు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. అది ఇన్‌ఫ్లూయెంజా. మొదటి విడత తేలికగానే పోయింది. సెప్టెంబరులో తిరగబెట్టిన రెండో విడత ఘోరమైనది. అక్టోబరు 6న ఒక్కరోజే నగరంలో 768 మరణాలు నమోదయ్యాయి.

మిల్లులో కార్మికుడి దినచర్య ఈ జబ్బుకు అన్ని విధాలా అనుకూలంగా ఉండేది. 1911 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లులలో రోజుకు 12 గంటల పనిని అనుమతించింది. నూలు తెగకుండా ఉండేందుకు నేత షెడ్లలో ఆవిరి వదిలేవారు. గాలి సరిగా ఆడేది కాదు. పని ముగించి వెళ్లే ఇల్లు కూడా అలాంటిదే. నగరంలో మూడింట రెండు వంతుల మంది ఒంటి గదుల్లోనే కాపురముండేవారు. మరణాల లెక్కలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. యూరోపియన్లలో వెయ్యికి 8 మంది చనిపోతే, అట్టడుగు కులాలవారిలో వెయ్యికి 61 మందికి పైగా చనిపోయారు.

కార్మికులు మళ్లీ ఊళ్ల దారి పట్టారు. ఈసారి ఆ దారి కాపాడలేదు. ఇన్‌ఫ్లూయెంజాకు కారణం వైరస్ అని 1933లో గాని రుజువు కాలేదు. అది శరీరంలో ప్రవేశించాక లక్షణాలు బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆరోగ్యంగా రైలెక్కినవాడు జబ్బుతో ఊళ్లో దిగుతాడు. పెట్టెలో పక్కన కూర్చున్నవారికీ అది అంటుతుంది. ఎలుకలను వదిలిపోవచ్చు గాని, ఊపిరిని వదిలి ఎక్కడికి పోగలం?

పైగా ఊళ్లోని నేల కూడా ఎండిపోయి ఉంది. 1918 నైరుతి ఋతుపవనాలలో దేశమంతటా వర్షం సగటు కంటే దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఖరీఫ్ కోతలు కోసి రబీ విత్తనాలు వేసే వేళకే జబ్బు వచ్చిపడింది. అది ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ల వయసువారిని, అంటే పొలం పని చేసే చేతులనే బలి తీసుకుంది. మన దేశంలో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువగా చనిపోయారు. మరణాలు కోటీ 20 లక్షల నుంచి కోటీ 80 లక్షల వరకు ఉంటాయని వేర్వేరు అంచనాలు. 1911, 1921 జనాభా లెక్కల మధ్య దేశ జనాభా తగ్గడానికి ప్రధాన కారణం ఇదే. ధరలు మండిపోయాయి. 1919 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికులు లక్షకు పైగా సమ్మెకు దిగి, కూలి పెంచమని అడిగారు.

బ్రిటన్‌లో మరో విధం

అదే జబ్బు బ్రిటన్‌లో సుమారు 2 లక్షల 28 వేల మందిని చంపింది. కాని అక్కడి కార్మికుడికి నేల ఇంటికి దగ్గరలోనే ఉంది. యుద్ధకాలపు ఆహార కొరతను తట్టుకోవడానికి, ఖాళీ స్థలాలను తీసుకుని మడులుగా పంచే అధికారాన్ని 1916 చివర్లో ప్రభుత్వం స్థానిక సంస్థలకు ఇచ్చింది. ఒక్కో మడి మామూలుగా సుమారు 300 చదరపు గజాలు. యుద్ధానికి ముందు ఇవి దాదాపు 6 లక్షలు. యుద్ధం ముగిసేనాటికి సుమారు 15 లక్షలు. 1916 మే నెల నుంచి వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడంతో, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక తవ్వడానికి వెలుతురూ మిగిలింది.

ఫ్యాక్టరీ వేళలను మార్చి జబ్బును ఎదుర్కోవాలనుకున్న నగరమూ ఉంది. 1918 అక్టోబరులో న్యూయార్క్ ఆరోగ్యాధికారి రాయల్ కోప్‌లాండ్ ఫ్యాక్టరీలు, దుకాణాలు, కార్యాలయాలు వేర్వేరు సమయాల్లో తెరవాలని ఆదేశించాడు. రైళ్లలో రద్దీ తగ్గించడమే ఉద్దేశం.

మడి ఎంత తిండి పెడుతుంది?

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. ఒక మోస్తరు శ్రమ చేసే పురుషుడికి రోజుకు సుమారు 2,700 కిలో కేలరీలు కావాలి. వంద గ్రాముల బియ్యం 350 ఇస్తాయి. వంద గ్రాముల తోటకూర 50 కూడా ఇవ్వదు. ఆకుకూరలతోనే శక్తి పొందాలంటే రోజుకు 5 కిలోలకు పైగా తినాలి! బ్రిటిష్ మడుల్లో బంగాళాదుంపకు పెద్దపీట వేసింది అందుకే.

అలాగని తోటకూర మడిని తీసిపారేయకూడదు. నెల రోజుల్లో కోతకు వచ్చే ఆ కూర విటమిన్లను, ఇనుమును అందిస్తుంది. ఈ పోషకాల పరిశోధన మన దేశంలో ఊపందుకున్నదీ 1918లోనే. ఆ ఏడాది కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనాశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

అంటే, పెరటి తోట కంచంలోని లోటును పూడ్చగలదు, కంచాన్ని నింపలేదు. అన్నానికి కూలి కావాలి, లేదా ధాన్యం కావాలి.

నూరేళ్ల తరువాత

2020 మార్చి 25న కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మందుల ఫ్యాక్టరీలు నడిచాయి. తక్కినవి చాలావరకు ఆగాయి. మేడపైన స్థలం, నీటి కుళాయి, తీరిక ఉన్న పట్టణవాసులు కుండీల్లో టమాటా, వంగ పెంచారు. ఈ మూడూ లేని వలస కార్మికులు 1896 నాటివారిలాగే ఊరి వైపు నడిచారు. మే 1న మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే, సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. మరోవైపు గుజరాత్‌తో సహా కొన్ని రాష్ట్రాలు పనివేళలను రోజుకు 12 గంటలకు పెంచాయి, అంటే 1911 చట్టం నాటి లెక్కకు! గుజరాత్ ఉత్తర్వును 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఈసారి 1918 నాటి కరువు రాలేదు. 2020లో వర్షాలు సగటు కంటే 9 శాతం ఎక్కువ కురిశాయి. గోదాముల్లో నిల్వలు ఉన్నందువల్ల ఏప్రిల్ నుంచి రేషన్ కార్డుపై మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా ఇవ్వగలిగారు. కార్డు సొంత ఊళ్లో ఉండి, మనిషి మరో రాష్ట్రంలో ఉన్నచోట అది అందడం కష్టమైంది.

తోట పెంచడం మంచి అలవాటే. బళ్లోనూ, ఇంట్లోనూ తప్పక పెంచాలి. కాని మహమ్మారి కాలంలో కార్మికుడిని నిలబెట్టేవి గాలి ఆడే పనిచోటు, జబ్బుపడిన రోజుకూ అందే కూలి, ఉన్నచోటే దొరికే బియ్యం. ఈ మూడూ ఉన్న ఇంట తోటకూర మడి వరమవుతుంది. అవి లేని ఇంట ఆ మడి ఒక్కటే మోయలేని బరువు మోయవలసి వస్తుంది.